"సరుకుల నమ్మవలెనోయ్": అమ్మడమా, నమ్మడమా?

పదశోధన: "టర్మ్స్ ఆఫ్ ట్రేడ్" మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. పాఠ్యపుస్తకాల "వర్తక నిబంధనలు" మింగుడుపడటం లేదు. ఎగుమతి ధరల సూచీని దిగుమతి ధరల సూచీతో భాగించి, వందతో హెచ్చిస్తే వచ్చే అంకె అది. అందులో నిబంధన ఏముంది? ఇది రాస్తుంటే గురజాడ "దేశభక్తి" గేయంలోని పాదం ఒకటి మూడు రోజులుగా వదలడం లేదు: "దేశి సరుకుల నమ్మవలెనోయ్". ఇక్కడ అమ్మాలా, నమ్మాలా?

ముత్యాలసరం: అమ్మడమే, సందేహం లేదు. సరుకులన్ + అమ్మ. "నమ్మ" అనుకుంటే సరుకులన్ + నమ్మ, "సరుకుల న్నమ్మ" అవుతుంది. లకారం గురువై నాలుగు మాత్రలు కాస్తా ఐదవుతాయి, నడక విరుగుతుంది.

ద్రుతప్రియ: ద్రుతం లోపించకూడదా? లోపిస్తే లకారం లఘువుగానే ఉంటుంది, మూడు నాలుగుల నడక చెక్కుచెదరదు. మాత్రలు చూపించి "నమ్మ"ను కొట్టిపారేయలేం. మన సరుకు మీద మనకు నమ్మకం ఉండాలన్న అర్థం ఆ గేయానికి పరాయిదేమీ కాదు.

ముత్యాలసరం: ముందు పాదం "అన్ని దేశాల్ క్రమ్మవలెనోయ్". దేశాలన్నీ కమ్ముకుని చేసే పని నమ్మడమా? పైగా నాలుగో పాదం చూడండి, "కీర్తి సంపద లబ్బవోయ్". సంపదలు + అబ్బవు. హల్లును పక్క మాట మీదికి జరపడం అక్కడా ఉంది.

పదశోధన: ఆ మధ్య పాదమే నాకు అసలు ముల్లు. "డబ్బు తేలేనట్టి నరులకు". అమ్మితే చాలదు, తేవాలి అంటున్నాడు. నా వ్యాసమంతా ఈ రెండు క్రియల మధ్యే ఉంది.

ధారణవాసి: తేవడంతోనూ ఆగదండీ. తెచ్చిన డబ్బు ఎంత కొంటుందన్నది మూడో క్రియ, ఈ చరణంలో అది లేదు. చమురు 2014 మధ్యలో పీపా వంద డాలర్ల పైన ఉండి 2016 మొదట్లో ముప్పైకి దిగువన పడింది. అన్నే పీపాలు తోడి అమ్మిన దేశం కూడా అంతకుముందు కొన్నన్ని యంత్రాలు కొనలేకపోయింది. ఉత్పత్తిని స్థిర ధరల్లో లెక్కగడితే ఈ దెబ్బ కనిపించదు, తెచ్చిన డబ్బుతో ఎంత కొనగలమో చూసే నిజాదాయం లెక్కలో కనిపిస్తుంది. చమురు దిగుమతి చేసుకునేవాళ్లకు అదే పతనం జీతం పెరిగినట్టు.

ద్రుతప్రియ: ఆర్థికవేత్త జగదీశ్ భగవతి 1958లో చెప్పింది ఇంకా కఠినం. పంట పెంచి ఎక్కువ అమ్మబోతే ప్రపంచపు ధరే కుంగి, పెంచకముందు కన్నా పేదవాళ్లం కావచ్చు. ఎగుమతిదారు చాలా పెద్దవాడై, ధర తగ్గినా బయట గిరాకీ అంతగా పెరగనిదైతే. కాబట్టి అమ్మడమే మంత్రం అనకండి!

ముత్యాలసరం: కవి కళలు నేర్చి చేసిన సరుకు అన్నాడు, ముడిసరుకు అనలేదు. "కళలెల్ల నేర్చుకు" అన్న మాట మరిచారా? ఆర్థికవేత్తలు ప్రెబిష్, సింగర్ 1950లో వాదించిందీ అదే కదా. దీర్ఘకాలంలో ముడిసరుకు ధర, తయారీ సరుకు ధరతో పోలిస్తే దిగుతూ వస్తుందని.

ధారణవాసి: ఆ వాదం అన్ని సరుకులకూ, అన్ని కాలాలకూ నిలబడలేదు. ఇనుప ఖనిజం, బొగ్గు అమ్మే ఆస్ట్రేలియాకు 2011 ప్రాంతంలో ఈ నిష్పత్తి ఆకాశానికెక్కింది. నన్నడిగితే, దిగడం కన్నా ఊగడం పెద్ద జబ్బు. రాగి మీదే బతికిన జాంబియా 1970ల మధ్యలో ధర పడ్డాక అప్పుల్లోకి జారింది. ఎక్కినప్పుడు వేరే చిక్కు. కరెన్సీ బలపడి మిగతా ఎగుమతులు చితికిపోతాయి, గ్యాసు దొరికిన నెదర్లాండ్స్ పేరు మీదే దానికి "డచ్ జబ్బు" అన్న పేరు స్థిరపడింది. నార్వే చమురు డబ్బును నిధిలో పెట్టి విదేశాల్లో మదుపు చేసేది ఈ రెంటినీ కాచుకోవడానికే.

పదశోధన: బాగుంది, కానీ "టర్మ్స్ ఆఫ్ ట్రేడ్"కు తెలుగు పేరు?

ధారణవాసి: నా పేరులోనే ఉంది. ధారణ అంటే పాత లెక్కల్లో బజారు ధర. "మారక ధారణ" అనండి. ఏ ధరకు ఏది మారుతోందో రెండూ పలుకుతాయి.

ముత్యాలసరం: ధారణ అనగానే ఈనాటి పాఠకుడికి అవధాని గుర్తొస్తాడు. "మారక" అంటే కరెన్సీ మారకపు రేటు. రెండు పొరపాట్లను జతకట్టినట్టవుతుంది. "వినిమయ నిష్పత్తి" చాలు.

ద్రుతప్రియ: నిష్పత్తి కొలతే చెబుతుంది, బేరం చెప్పదు. టర్మ్ అన్న మాటకు లాటిన్‌లో మూలం హద్దు. ఆర్థికవేత్త మిల్ పరస్పర గిరాకీ, అంటే ఒకరి సరుకు మీద ఇంకొకరికున్న గిరాకీ, గురించి రాసింది రెండు దేశాల సొంత ఖర్చులు గీసే హద్దుల మధ్య రేటు ఎక్కడ నిలుస్తుందనే. "నిబంధన" పెట్టినవారు హద్దును పట్టుకున్నారు, రేటును వదిలేశారు. "బేరపు రేటు" అంటే తప్పేమిటి?

పదశోధన: బేరపు రేటు... నోటికి బాగుంది, పరీక్ష పేపర్లో ఎలా ఉంటుందో. సరే, ద్రుతప్రియ గారూ, మీ దగ్గరున్న పాత ప్రతిలో "సరుకుల" తర్వాత ఖాళీ ఉందా, కలిపే అచ్చువేశారా?

ద్రుతప్రియ: కలిపే ఉంది.

ముత్యాలసరం: కలిపి ఉంటే అది నా వాదానికే బలం.

ద్రుతప్రియ: ఎలాగండీ?