పొడుగుకాళ్ల ఇంటి సాలీడు: ఫోల్కస్సా, స్మెరింగోపస్సా?

నమస్కారమండీ. గుంటూరులో మా ఇంటి మెట్ల కింద, స్నానాల గది మూలల్లో సన్నటి పొడుగు కాళ్ల సాలీళ్లు తలకిందులుగా వేలాడుతుంటాయి. గూడు కదిలిస్తే ఒళ్లంతా గిరగిరా ఊపేస్తాయి. ఫోల్సిడే కుటుంబమని తెలుసు, అందులో ఏ ప్రజాతి (జీనస్) అన్న దగ్గరే ఆగిపోయాను.

ఒక రకం తేలికే. పొట్ట వెనకభాగం పైకి లేచి కోసుగా ఉంది, కాళ్ల మీద చుక్కలున్నాయి. క్రాసోప్రిజా లయోనీ అనుకుంటున్నాను.

చిక్కంతా రెండోదానితోనే. పొట్ట పొడుగ్గా గొట్టంలా ఉంది. ఫోల్కస్ ప్రజాతో, స్మెరింగోపస్ ప్రజాతో తేలడం లేదు. ఫోల్కస్, స్మెరింగోపస్ రెండింటికీ ఎనిమిదేసి కళ్లు: చెరోపక్క మూడు గుంపుగా, నడుమ చిన్నవి రెండు. ఆరే ఉంటే మైక్రోఫోల్కస్ అనే మరో ప్రజాతి వైపు చూసేవాణ్ణి. స్మెరింగోపస్‌కు తల, రొమ్ము కలిసిన పైపెంకు నడుమ గాడి ఉంటుంది, ఫోల్కస్‌కు ఉండదు. మా దానికి భూతద్దంలో నల్లటి గీత కనిపిస్తోంది, అది గాడో, వట్టి రంగో తేలడం లేదు. పక్కనుంచి టార్చి వేసి ఫొటో తీస్తే నీడను బట్టి చెప్పొచ్చా?

మగదైతే కోరల మొదళ్ల మీది ముళ్లు, పెడిపాల్ప్ (నోటి పక్కనుండే పొట్టి కాలులాంటి అవయవం) ఆకారం చూసి గట్టిగా చెప్పొచ్చు. నాకు దొరికేవన్నీ గుడ్ల ఉండను నోట కరుచుకున్న ఆడవే. వాటిని చంపి స్పిరిట్‌లో వేయడం నాకు ఇష్టం లేదు. గాజు సీసాలో ఉంచి పొట్ట అడుగు ఫొటో తీస్తే జననాంగపు పలక ఆకారాన్ని బట్టి ప్రజాతి వరకైనా తేలుతుందా? ఏ కోణంలో తీయాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.