మా ఆయన డ్రగ్స్ మానేసి ఏడాది దాటింది కానీ అనుమానం పోవట్లేదు, ఇది తగ్గుతుందా?

నిద్రలేని_కూకట్‌పల్లి:
అందరికీ నమస్తే. ఈ ఐడీ కావాలనే కొత్తగా పెట్టుకున్నా, ఎవరో కనిపెట్టే పని పెట్టుకోకండి ప్లీజ్. మా ఆయన సాఫ్ట్‌వేర్. మొదట్లో వీకెండ్ పార్టీల్లో ఎండీఎంఏ అనే మత్తు మందు అంట, తర్వాత క్రిస్టల్ అంటారే, మెత్, అందులోకి దిగిపోయాడు. నాకు తెలిసేసరికి జాబ్ పోయింది, నా గాజులు పోయాయి, బావగారి దగ్గర తెచ్చిన అప్పు వేరే. డీఅడిక్షన్ సెంటర్‌లో పెట్టాం, బయటికొచ్చాక మళ్ళీ ముట్టుకోలేదు, యూరిన్ టెస్టులు అన్నీ నెగెటివే, ఆ విషయంలో నాకు డౌట్ లేదు.

ప్రాబ్లం ఏంటంటే అప్పుడు మొదలైన అనుమానం ఇంకా ఉంది. వాడే రోజుల్లో రాత్రంతా మేలుకుని బాల్కనీలోంచి కింద కార్ల నంబర్లు రాసుకునేవాడు, ఫ్యాన్‌లో కెమెరా ఉందనేవాడు, నేనే పోలీసులకి చెప్పానని కూడా. అవన్నీ పోయాయి. ఇప్పుడు ఆఫీస్ క్యాబ్ కాస్త లేటైతే ఎవరితో ఉన్నావ్ అంటాడు, నా బ్యాగ్ వెతుకుతాడు, మా కజిన్ ఫోన్ చేసినా మొహం మారిపోతుంది. మిగతా టైమ్‌లో అసలు ఏదీ పట్టదు, స్కూల్లో పాప డాన్స్ చేస్తుంటే అందరూ చప్పట్లు కొడుతున్నారు, ఈయన గోడకేసి చూస్తున్నట్టు కూర్చున్నాడు. మా అత్తయ్య "వాడు మానేశాడు కదమ్మా, ఇంకా ఏం తవ్వుతావ్" అంటారు. ఇది డ్రగ్ వల్లేనా, లేక ఆయన స్వభావమే ఇంతా? సైకియాట్రిస్ట్ దగ్గరికి పోతే కేసవుతుందని ఆయన భయం.

సర్దుబాటు_సారథి:
మానేశాడంటేనే గొప్ప, కాస్త ఓపిక పట్టండమ్మా. మగవాడు జాబ్ లేక ఇంట్లో కూర్చుంటే అనుమానాలు వస్తాయి, ఆడవాళ్ళే సర్దుకుపోవాలి.

పీజీ_సైకియాట్రీ_వైజాగ్:
పైన సారథి గారూ, బ్యాగ్ వెతికించుకోవడం సర్దుబాటు కాదండీ.

మేడం, చూడకుండా డయాగ్నోసిస్ చెప్పలేను, జనరల్‌గా చెప్తా. మెత్ వాడేవాళ్ళకి వచ్చే సైకోసిస్, అంటే కెమెరాలు, వెంటపడే కార్లు, పెళ్ళాం మోసం చేస్తోందని నమ్మకం, ఇవి చాలామందికి ఆపేశాక కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో పోతాయి. కొద్దిమందికి పోవు. నెల దాటి కూడా ఉంటే అది మత్తు ఎఫెక్టే అని వదిలేయకూడదు, విడిగా చూడాలి, ఒక్కోసారి అడుగున స్కిజోఫ్రీనియా లాంటిది ఉండి మెత్ దాన్ని బయటికి లాగి ఉండొచ్చు. పోయింది అనుకున్నది తిరిగి రావడం కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్‌లో ఫిలొపోన్ పేరుతో మెత్ విచ్చలవిడిగా దొరికేది, చివరికి 1951లో చట్టం తెచ్చి కట్టడి చేశారు. అక్కడి డాక్టర్లు గమనించింది ఏంటంటే ఎప్పుడో మానేసినవాళ్ళకి కూడా నిద్ర చెడినా, టెన్షన్ పెరిగినా, మద్యం తాగినా, ఒక్క డోసు పడకుండానే పాత అనుమానాలు తిరగబెట్టేవి. అందుకే అడుగుతున్నా, మీ ఆయన నిద్ర ఎలా ఉంది, బీరు గానీ గంజాయి గానీ ఏమైనా ఉందా?

పాప డాన్స్ సంగతి వేరు. సంతోషం, ఉత్సాహం పుట్టించే డోపమైన్ వ్యవస్థని మెత్ బాగా దెబ్బతీస్తుంది. 2001లో అమెరికాలో నోరా వోల్కోవ్ అనే బ్రెయిన్ రీసెర్చర్ టీమ్ మెత్ మానేసిన ఐదుగురికి 12 నుంచి 17 నెలల తర్వాత మళ్ళీ స్కాన్ చేస్తే డోపమైన్ ట్రాన్స్‌పోర్టర్లు, అంటే వదిలిన డోపమైన్‌ని కణంలోకి తిరిగి తీసుకునే ప్రోటీన్లు, కొంతవరకు తిరిగొచ్చాయి, కానీ మెమరీ టెస్టుల్లో అంత మెరుగుదల కనపడలేదు. ఐదుగురే కాబట్టి దాన్నే పట్టుకుని లెక్కలు వేసుకోకండి. నెలలు పడుతుందనైతే మేం పేషెంట్లలో చూస్తూనే ఉంటాం.

మళ్ల_మనిషైనోడు:
అక్కా, నేను వాడినోన్ని, నాది ఎండీ, అదే మెఫెడ్రోన్, తర్వాత క్రిస్టల్ గూడ. డాక్టర్ సాబ్ చెప్పింది కరెక్టే గని లోపల ఎట్లుంటదో నేను చెప్త. ఆ అనుమానం మనకు అనుమానం లెక్క అనిపియ్యది, అందరు గుడ్డోళ్లు, నిజం నాకొక్కనికే దొరికింది అనిపిస్తది. నా భార్య ఫోన్ సైలెంట్‌ల పెడితే ఒక కథ, రింగైతే ఇంకో కథ. ఆమె పాపం లొకేషన్ షేర్ చేసింది, కాల్ లిస్ట్ చూపిచ్చింది, చూసినంక జరసేపు మంచిగుంటుండె, అటెన్క డిలీట్ చేసి చూపిచ్చిందేమో అని మళ్ల మొదలు. అందుకే ప్రూఫులు చూపియ్యకు అక్కా, ఎన్ని చూపిస్తే అన్ని తక్కువైతయ్. కొట్లాడకు గూడ. నీకట్ల అనిపిస్తుందని తెలుసు, నేను మాత్రం అసొంటిదేం చెయ్యలే అని ఒక్కసారి చెప్పి పక్క రూమ్‌లకు పో.

పాప మీద ప్రేమ లేక కాదు. నాకు గూడ చాన రోజులు బిర్యానీ తిన్నా ఒక్కటే, మట్టి తిన్నా ఒక్కటే. ఒకనాడు మ్యాచ్ చూసుకుంట సిక్స్ పడంగనే గట్టిగ అరిచిన, మా అమ్మ వంటింట్లకెళ్లి ఉరికొచ్చి ఏడ్చింది, ఎందుకేడుస్తున్నవే అంటే చెప్పలే.

నా భార్య మాత్రం అప్పటికే పోయింది, వాపస్ రాలే. తప్పు పట్ట. నాకు నయమైందని ఆమెకు గూడ నయం కావాలని ఏం లేదు గద.

నిద్రలేని_కూకట్‌పల్లి:
తమ్ముడూ, ఆఖరి లైను చదివి చాలాసేపు అలాగే కూర్చున్నా. నా సంగతి ఎవరూ అడగలేదు ఇంతవరకు. తాళం చప్పుడైతే చాలు గుండె దడ, జీతం పడగానే డబ్బు అమ్మ అకౌంట్‌కి పంపేస్తా, ఆయన నవ్వుతూ మాట్లాడినా ఏం అడగబోతున్నాడా అని చూస్తుంటా. అనుమానం నాక్కూడా అంటుకుందేమో.

డాక్టర్ గారూ, నిద్ర అస్సలు లేదండీ, తెల్లారుజామున పడుకుంటాడు. శనివారాలు బీరు ఉంది, "బీరు కూడా డ్రగ్గేనా" అంటాడు. ఎర్రగడ్డ పేరెత్తితే అత్తయ్య ఇల్లు పీకి పందిరేస్తారు.

పీజీ_సైకియాట్రీ_వైజాగ్:
శనివారం బీరే ముందు ఆపాలి మేడం. కేసు భయానికి: మత్తు పదార్థాల మీద ఉన్న ఎన్డీపీఎస్ చట్టంలో 64ఏ సెక్షన్ ఉన్నదే, వాడకం కేసు గానీ చిన్న మోతాదు కేసు గానీ ఉన్నవాళ్ళు కూడా స్వచ్ఛందంగా గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో ట్రీట్‌మెంట్ తీసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి కాపాడటానికి. మీ ఆయన మీద అసలు కేసే లేదు. మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ 2017 ప్రకారం పేషెంట్ వివరాలు గోప్యంగా ఉంచాలి కూడా.

ఎర్రగడ్డకే వెళ్ళాలని లేదు, పెద్ద జనరల్ హాస్పిటల్స్‌లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. అనుమానం గురించి అంటే రాడు, నిద్ర పట్టట్లేదు కదా చూపిద్దాం అనండి, అది అబద్ధం కాదు, చాలామంది అలాగే వస్తారు. మీరు గమనించినవి కాగితం మీద రాసి డాక్టర్‌కి విడిగా ఇవ్వండి, వాడిన డ్రగ్స్ పేర్లు దాచకండి. మెత్ మానడానికంటూ ప్రత్యేకంగా మందు ఏదీ లేదు, కానీ ఈ అనుమానానికి మందులు ఉన్నాయి, పనిచేస్తాయి.

మీకోసం టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416, తెలుగులో మాట్లాడతారు, ఫ్రీ. మీ గుండెదడ కూడా వాళ్ళకి చెప్పండి. చెయ్యి ఎత్తినా, బయటికి పోనివ్వకుండా తలుపు వేసినా మహిళా హెల్ప్‌లైన్ 181కి చేయండి, అప్పుడు మాత్రం అత్తయ్యని అడగొద్దు.

మళ్ల_మనిషైనోడు:
అక్కా, ఆయన మాట్లాడతానంటే నా నంబర్ మెసేజ్‌ల పెడ్త. డాక్టర్లు చెప్తే వినకపోవచ్చు, వాడినోడు చెప్తే ఒక్క చెవి అన్న పడేస్తరు.