కోత పండుగకి సాక్ష్యం చెప్పమంటున్నారు, నా నోట మాట రావట్లేదు

మిషన్ అక్క, విజయవాడ:

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మాది సింగ్‌నగర్. ఈ ఏడాది (2024) సెప్టెంబర్ 1న బుడమేరు మా ఇళ్ళ మీద పడింది మీకందరికీ తెలుసు. ఆ రోజు మొదటి ఆదివారం, మా గుళ్ళో ప్రభు సంస్కారం (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన). ముందు రాత్రే తెల్లచీర ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసుకున్నాను. తెల్లారి లేచేసరికి బాత్రూమ్ తూములోంచి నల్లటి నీళ్ళు పైకి తంతున్నాయి. గుడ్డలు కుక్కాను, ఆగలేదు. కాసేపటికి గుమ్మంలోంచి కూడా వచ్చాయి. నడుములోతు వచ్చాక ఇక ఏదీ తీసుకునే వీల్లేక, మా ఆయన అత్తయ్యని వీపు మీద వేసుకుని రెండో అంతస్తుకి ఎక్కారు. అక్కడ ఉండేది ముస్లింల కుటుంబం. వాళ్ళు ఐదుగురు, మేం నలుగురం, ఆరు రోజులు ఒకే ఇంట్లో ఉన్నాం. కరెంటు లేదు, తాగడానికి నీళ్ళు లేవు. ఫ్లైఓవర్ దాకా పడవలు వస్తున్నాయని ఫోన్లో చెప్పేవాళ్ళు, మా సందులోకి మాత్రం రాలేదు. డ్రోను డాబా మీద పడేసిన పులిహోర పొట్లాలే తిన్నాం. మొదటి పాల ప్యాకెట్ దొరికినప్పుడు ఆ ఇంటావిడ తన మనవడికి సగం పోసి, మిగతా సగం మా అత్తయ్యకి ఇచ్చింది.

నేను జాకెట్లు కుడతాను. దసరా, పెళ్ళిళ్ళు కలిసొచ్చాయని చేతినిండా పని పెట్టుకున్నాను. మొత్తం 43 జాకెట్లు, అందులో 11 మగ్గం వర్క్‌వి. అన్నీ బురదలో కలిశాయి. మోటారు మిషన్, ఓవర్‌లాక్ మిషన్ రెండూ పోయాయి. ఆటో కూడా మునిగింది. కింది ఇళ్ళవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చిన 25 వేలు ఆటో రిపేరుకే అయిపోయాయి. గుడ్డలు ఇచ్చినవాళ్ళకి ఏం సమాధానం చెప్పాలో తెలియక నెల రోజులు ఫోన్ ఎత్తాలంటేనే టెన్షన్.

అత్తయ్యకి షుగర్. బురదనీళ్ళలో నానిన కాలికి పుండు లేచి, అది ముదిరి, సెప్టెంబర్ ఆఖర్లో ప్రభువునందు నిద్రించింది.

ఆమె పోకముందు జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. నీళ్ళు తీసేశాక మా దగ్గర ఒక ప్రార్థన కూడిక పెట్టారు. బయటినుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు, "విశ్వాసం ఉన్న గడపలోకి నీళ్ళు రావు, దాచుకున్న పాపాలు ఒప్పుకోండి" అన్నాడు. అత్తయ్య ముందు వరుసలోనే కూర్చుంది, కాలికి కట్టుతో. నలభై ఏళ్ళుగా తెల్లవారుజామున నాలుగింటికి లేచి ప్రార్థన చేసుకున్న మనిషి. ఆ మాట విని కొంగు తల మీదికి లాక్కుని, తల దించుకుంది. కూడిక అయిపోయేదాకా ఎత్తలేదు. నాకు కళ్ళు మూసుకుంటే అదే కనబడుతుంది.

ఇప్పుడు నవంబర్ రెండో ఆదివారం మా కోత పండుగ, పంటలో భాగం, చేతి పని గుడికి తెచ్చి దేవునికి అర్పించే పండుగ. సెక్రటరీ గారు వచ్చి, "వరదలోంచి దేవుడు మిమ్మల్ని ఎలా కాపాడాడో ఐదు నిమిషాలు సాక్ష్యం చెప్పమ్మా" అన్నారు. మంచిమనసుతోనే అడిగారు. కానీ మా వెనక వీధిలో ఒకాయన నీళ్ళలో చనిపోయాడు. ఆయన భార్య మా గుడికే వస్తుంది. దేవుడు నన్ను కాపాడాడని నేను మైకులో చెబితే ఆమెకి ఏమని వినబడుతుంది?

అసలు సంగతి ఇంకొకటి. పైన ఉన్న మొదటి మూడు రాత్రులు ప్రార్థన చేశాను. నాలుగో రాత్రి చుట్టూ డాబాల మీద జనం ఫోన్ లైట్లు ఊపుతూ అరుస్తుంటే నాకు మాట రాలేదు. ఇప్పటికీ రావట్లేదు. గుడికి వెళ్తున్నాను, కూర్చుంటున్నాను, వస్తున్నాను. ఏటా పండుగకి బల్ల మీద వేసే గుడ్డ నేనే కుట్టి తీసుకెళ్ళేదాన్ని. ఈ ఏడు చేతిలో ఏమీ లేదు.

సాక్ష్యం చెప్పను అంటే తప్పా? నా విశ్వాసం పోయిందంటారా? తెలిసినవాళ్ళు చెప్పండి.

హైదరాబాద్ తమ్ముడు:

వందనాలు అక్కా. మీరు చెప్పాలనే నా కోరిక. కరోనా రెండో వేవ్‌లో మా నాన్న పోయారు. నాకూ మాట రాలేదు, అయినా లేచి నిలబడ్డాను. సగంలో ఏడ్చేశాను గానీ తర్వాత మనసు తేలికపడింది. చెబుతూ ఉంటే దేవుడే మాటలిస్తాడు. మీ కోసం ప్రార్థిస్తున్నాను.

రిటైర్డ్ మాస్టారు, ఒంగోలు:

అమ్మా, తమ్ముడు ప్రేమతోనే చెప్పాడు. అయినా నీ మీద బలవంతం ఉండకూడదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి.

1876 నుంచి 78 దాకా వచ్చిన కరువుని మా పెద్దలు ధాత కరువు అనేవాళ్ళు. అప్పుడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గారు ఉన్నారు. ప్రభుత్వం కరువు పనులు పెట్టింది గానీ, అక్కడ మాదిగవాళ్ళని నానా మాటలూ అని, సరిగా కూలి కూడా దక్కనిచ్చేవాళ్ళు కాదు. అందుకని క్లౌ గారే బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకి తీసుకున్నారు. మన తెలుగు బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. ఆకలితో ఎముకలు తేలినవాళ్ళు వచ్చి గంపెత్తారు. పనిచేసినంతసేపూ కూలి, పొద్దు గూకాక వాక్యం.

నేను నీకు చెప్పాలనుకున్నది ఇదీ. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని జనం గుంపులుగా అడిగారు. ఆయన ఇవ్వలేదు. పదిహేను నెలల పాటు ఒక్కరికీ ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారనే మాట వాళ్ళ మీద పడకూడదని, వాళ్ళ కడుపుకీ నమ్మకానికీ మధ్య బేరం ఉండకూడదని. సాయం సొమ్ము అయిపోయాక, ఇక నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు, ఇళ్ళకి వెళ్ళండి అన్నారు. అప్పుడు వాళ్ళు తమ చేతులు చూపించారట. అరచేతుల్లో గడ్డపార బొబ్బలు. మేం కష్టపడే తిన్నాం, నీ డబ్బు మాకొద్దు, వచ్చే పంట కూడా పోతే చస్తాం, క్రైస్తవులుగా చస్తాం అన్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మం అయింది. ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో దిగి. మా తాత ఈ కథ చెబితే ఎప్పుడూ ఆ బొబ్బల దగ్గర ఆగిపోయేవాడు. సంఖ్య దగ్గర కాదు.

కరువు మమ్మల్ని ముట్టుకోలేదని వాళ్ళెవరూ చెప్పలేదమ్మా. ఇంట్లో ఒకరిద్దర్ని పాతిపెట్టి వచ్చినవాళ్ళు ఎందరో వాళ్ళలో. వాళ్ళ సాక్ష్యం ఆ చేతులే. నీకు మాట లేకపోతే లేదు, ఉన్న చేతులు చూపించు. చాలు.

ఇంకోటి. 88వ కీర్తన తీసి చదువు. చీకటే నాకు చుట్టం అన్న మాటతో ముగుస్తుంది. ఆ తర్వాత స్తోత్రం లేదు, హల్లెలూయ లేదు. దాన్నీ పరిశుద్ధ గ్రంథంలో ఉంచారు. ముప్పై ఏళ్ళు సండేస్కూల్ చెప్పాను, ఆ కీర్తన ఒక్కసారీ చెప్పలేదు. ఆ లోటు ఇప్పుడు తెలుస్తోంది నాకు.

దివిసీమవాడిని:

అక్కా, 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. మాది నాగాయలంక దగ్గర. కోతకొచ్చిన వరి మీద సముద్రం లేచి వచ్చింది. మా చెల్లి, నాయనమ్మ పోయారు. నేను తాటిచెట్టు పట్టుకుని బతికాను. ఏం చేసినందుకు నేను బతికాను, ఏం చేసినందుకు చెల్లి పోయింది అనేది 47 ఏళ్ళుగా నాకు తెలీదు. తెలుసని చెప్పేవాళ్ళ దగ్గర నేను కూర్చోను.

ఐదు వారాలకే క్రిస్మస్. గుడి గోడ ఒకటే నిలబడి ఉంది. ఎవరూ నక్షత్రం కట్టలేదు. మా నాన్న సంఘంలో పాట ఎత్తేవాడు. ఆ రోజు ఎత్తాడు, రెండో చరణంలో గొంతు పూడుకుపోయింది. ఒక్క క్షణం అంతా నిశ్శబ్దం. వెనకనుంచి మా మేనత్త అందుకుంది, తర్వాత అందరూ. నాన్న నోరు మెదపకుండా అలాగే నిలబడ్డాడు. ఆ తర్వాత దాదాపు రెండేళ్ళు మళ్ళీ పాడలేదు. ఆదివారం తప్పకుండా వచ్చేవాడు, కూర్చునేవాడు. నీకు విశ్వాసం పోయిందని ఆయన్ని ఎవరూ అనలేదు.

మీరూ వెళ్ళి కూర్చుంటున్నారు కదా. ప్రస్తుతానికి అది చాలక్కా.

పాస్టరమ్మ, మెదక్ జిల్లా:

అక్కా, మీ అత్తయ్యగారి మాట చదివి పొయ్యి మీద అన్నం సంగతి మరిచిపోయాను. ఒక దైవసేవకుడి భార్యగా ముందు మీకు క్షమాపణ చెప్పాలి. ఆ ప్రసంగీకుడు చెప్పింది వాక్యం కాదు. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్ళు అందరికంటే పాపులా అని యేసుప్రభువే అడిగి, కాదని చెప్పాడు. లూకా 13లో ఉంది. మీ పాస్టర్ అయ్యగారికి ఈ సంగతి చెప్పారా? చెప్పకపోతే చెప్పండి. ఆ మాట అదే ప్రసంగవేదిక మీదనుంచి, మీ అత్తయ్యగారు కూర్చున్న గుంపు ముందే సరిదిద్దాలి. ఇది మాత్రం నేను గట్టిగా అంటాను.

మా మెదక్ గుడికి ఈ డిసెంబర్ 25తో నూరేళ్ళు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించారు. కరువులో పనీ తిండీ దొరకాలని మిషనరీ పాస్నెట్ దొరగారు జనాన్ని పెట్టి కట్టించిన గుడి అది. చూడవచ్చినవాళ్ళు రంగుటద్దాల కిటికీలకి ఫోటోలు తీస్తారు. నేను మాత్రం పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడల్లా గోడ రాళ్ళ మీద చెయ్యి పెట్టించి, ఇది ఆకలితో ఉన్నవాళ్ళు మోశారు అని చెబుతాను.

గుడ్డలు పోయినవాళ్ళ విషయం కూడా ఒంటరిగా మోయకండి. మీ గుడి ఆడవాళ్ళ సమాజం, స్త్రీల మైత్రిలో చెప్పండి. మగ్గం వర్క్ జాకెట్లవి ఎంతవుతుందో కాగితం మీద రాసి చూపించండి. అడగడానికి సిగ్గుపడతారని తెలుసు, నేనూ అలాంటిదాన్నే. అయినా చెప్పండి.

మిషన్ అక్క, విజయవాడ:

అందరికీ వందనాలు. నాలుగు రోజులు మళ్ళీ మళ్ళీ చదివాను. తమ్ముడూ, నీ మాట కూడా ఉంచుకున్నాను. నాన్నగారి సంగతి చదివి బాధేసింది.

మాస్టారూ, 88వ కీర్తన అత్తయ్య బైబిల్లో చదవబోయాను. వరద తర్వాత డాబా మీద ఎండబెట్టి, పౌడరు చల్లి, కాగితాలు ఒక్కొక్కటీ విడదీశాను గానీ కీర్తనల్లో సగం అట్టలాగా అతుక్కుపోయాయి. కత్తి మొన పెడితే చిరుగుతోంది. వదిలేశాను. ఫోన్లో చదువుకున్నాను. చదివాక పడుకున్నాను. చాలా రోజుల తర్వాత తెల్లారేదాకా మెలకువ రాలేదు.

సెక్రటరీ గారికి చెప్పాను, సాక్ష్యం చెప్పలేను, ఈ కీర్తన చదువుతాను అని. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "వెనక వీధి ఆవిడ వస్తుందో లేదో, ఆమెని ముందు ఒక మాట అడుగుదాం" అన్నారు. ఇద్దరం వెళ్ళాం. ఆమె, "నువ్వు చదువు, నేను నీ పక్కన నిలబడతా" అంది. అయ్యగారితో అత్తయ్య విషయం కూడా చెప్పాను. మాట్లాడతానన్నారు. చూడాలి.

పాస్టరమ్మా, జాకెట్ల లెక్క రాశాను. ఇద్దరు డబ్బులొద్దు అన్నారు, ఒకావిడ మాత్రం గట్టిగా అడుగుతోంది, ఆమె కూతురి పెళ్ళి జాకెట్ అది. ఆమెది న్యాయమే. సంఘంలో ఒకరు పాత తొక్కుడు మిషన్ ఇచ్చారు. మిగిలిన లైనింగ్ గుడ్డని సర్ఫులో, నిమ్మ ఉప్పులో రెండుసార్లు నానబెట్టాను. బురద గీత పోలేదు, నీళ్ళు ఎంతదాకా వచ్చాయో అంతదాకా అలాగే ఉంది. దాంతోనే, పండుగకి తెచ్చినవాటిని గుళ్ళో పాడే వేలంపాటకి బియ్యం పోసే సంచులు తొమ్మిది కుట్టాను. బల్ల మీద వేయడానికి పనికిరాదు, సంచులకి పరవాలేదు. పైనింటి ఆవిడ రెండు సంచులకి తాళ్ళు ఎక్కించి ఇచ్చింది.

దివిసీమ అన్నా, ఒక్క మాట. ఆ క్రిస్మస్‌కి మీ నాన్నగారు ఎత్తి ఆపేసిన పాట ఏదో చెబుతారా? మా క్వయిర్ వాళ్ళని ఆ రోజు పాడమంటాను.

దివిసీమవాడిని:

నాకు సరిగ్గా గుర్తులేదక్కా, చిన్నవాణ్ణి. మా పెద్దక్కకి తెలిసి ఉంటుంది. ఆమె ఇప్పుడు రేపల్లెలో ఉంది. రేపు పొద్దున ఫోన్ చేసి అడిగి, ఇక్కడే రాస్తాను.