కుట్టుమిషన్ దగ్గర చేతులు ఖాళీ ఉండవు: ఫోను మాట్లాడటానికి ఎలాంటి వైర్‌లెస్ హెడ్‌సెట్ తీసుకోవాలి?

కుట్టుపని_ఏలూరు:

అందరికీ నమస్కారం. ఏలూరులో మా ఇంటి ముందు గదిలోనే పద్నాలుగేళ్లుగా ఆడవాళ్ల బట్టలు కుడుతున్నాను. నాతో పాటు ఇద్దరు అమ్మాయిలు పని చేస్తారు. గదిలో రెండు మోటారు మిషన్లు, ఒక ఓవర్‌లాక్ మిషన్, నెత్తిమీద కిర్రుమనే పాత ఫ్యాను ఉంటాయి. పెళ్లిళ్ల రోజుల్లో రోజుకు ముప్పై, నలభై ఫోన్లు వస్తాయి. కటింగ్ టేబుల్ దగ్గర ఒక చేతిలో కత్తెర, రెండో చేతి కింద గుడ్డ ఉండగా ఫోను మోగితే, దాన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడటం అలవాటైపోయింది. మెడ కుడివైపు నొప్పి మొదలయ్యాక ఆ అలవాటు మానుకోమని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. స్పీకరు పెట్టి మాట్లాడదామంటే ఒకరి కొలతలూ బేరాలూ గదిలో కూర్చున్న మరొకరి చెవిన పడతాయి, అది మర్యాద కాదు.

ఇప్పటికి రెండు రకాలు కొన్నాను. మొదటిది చెవిలో విడివిడిగా పెట్టుకునే చిన్న బడ్స్. ఒకటి జారి గుడ్డపీలికల కుప్పలో పడితే సాయంత్రం ఊడ్చేటప్పుడు గానీ దొరకలేదు. దానితో మాట్లాడితే అవతలివారు “మిల్లులో ఉన్నారా అక్కా?” అని అడిగేవారు. రెండోది మెడలో వేసుకునే నెక్‌బ్యాండు. నా మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతూ ఉంటుంది, టేపు లాగితే నెక్‌బ్యాండు కూడా వెంట వస్తుంది. పైగా దాని చివర్లలో అయస్కాంతాలు ఉన్నాయి. ఒకరోజు చెవిలో పెట్టుకోబోతూ చూసుకుంటే రెండు గుండుసూదులు అతుక్కుని ఉన్నాయి. ఆనాటి నుంచి దాన్ని ముట్టుకోవాలంటేనే భయం.

అసలు గొడవ మొన్న జరిగింది. లేసు మీటరు అరవై రూపాయలని నేను నెక్‌బ్యాండులోనే ఒకావిడకు చెప్పాను, ఆమెకు ఇరవై అని వినిపించిందట. బట్టలు తీసుకునే రోజున బిల్లు దగ్గర మాటా మాటా వచ్చింది. మూడు నుంచి ఐదు వేల దాకా పెట్టగలను. నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్నది కొంటే ఈ బాధ తీరుతుందా? కొట్టు ఫోను ఒకటి, ఇంటి ఫోను ఒకటి, రెండింటికీ ఒకే హెడ్‌సెట్ పని చేస్తుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

లైన్‌లోనే_ఉన్నాను:

నమస్తే అండీ. హైదరాబాదులో తొమ్మిదేళ్లు కస్టమర్ సపోర్టులో హెడ్‌సెట్ పెట్టుకునే బతికాను, ఇప్పుడు అదే పని ఇంటి నుంచి చేస్తున్నాను. ముందుగా పెట్టె మీది మాటల సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే చాలామంది డబ్బు పోగొట్టుకునేది అక్కడే. ఏఎన్‌సీ అని రాసి ఉంటే అది మీ చెవికి చేసే ఉపకారం మాత్రమే. బయటి హోరును మైకుతో పట్టి, దానికి ఎదురు తరంగాన్ని చెవిలో పుట్టించి, మీకు హోరు తగ్గినట్టు చేస్తుంది. మీ మిషన్ చప్పుడు అవతలివారికి చేరకుండా చూసే పని వేరు, దాన్ని ఈఎన్‌సీ అనో, కాల్ నాయిస్ క్యాన్సిలేషన్ అనో రాస్తారు. అంగట్లో అడిగితే రెండింటినీ కలిపి “నాయిస్ క్యాన్సిలేషన్ ఉందండీ” అని ఒక్క మాటతో సరిపెడతారు. మీ పనికి ఏఎన్‌సీ అక్కర లేదు, పైగా వాకిట్లో ఎవరైనా పిలిచినా వినపడదు.

మీకు కావలసింది బూమ్ మైకు, అంటే బుగ్గ వెంట నోటి దాకా కాడలాగా వచ్చే మైకు. దీని వెనక ఉన్న లెక్క చాలా సులువు. నోటి నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ మైకుకు అందే గొంతు సుమారు 6 డెసిబెల్స్ (శబ్దం బలాన్ని కొలిచే లెక్క) తగ్గుతుంది. చెవిలోని బడ్ నోటికి దాదాపు 12 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, పొడవైన బూమ్ మైకును 3 సెంటీమీటర్ల దగ్గరకు తెచ్చుకోవచ్చు. అంటే దూరం రెండుసార్లు సగమైంది, మీ గొంతుకు 12 డెసిబెల్స్ బలం ఊరికే కలిసి వచ్చింది. ఓవర్‌లాక్ చప్పుడు మాత్రం గది అవతల నుంచి వస్తుంది కాబట్టి మైకు ఎక్కడున్నా ఇంచుమించు ఒకేలా చేరుతుంది. ఆ తేడాను ఏ చిప్పూ బడ్స్‌లో పూర్తిగా పూడ్చలేదని నా అనుభవం. నెక్‌బ్యాండు మైకు సాధారణంగా గొంతు కిందుగా ఉంటుంది, దాని మీద పైట రాసుకుంటే ఆ గరగర కూడా అవతలికే వెళ్తుంది.

ఒంటిచెవి రకం తీసుకోండి, రెండో చెవి కొట్టుకు వదిలేయండి. చెవి వెనక తగిలించుకునేవి ఉన్నాయి, తలమీదుగా సన్నని పట్టీతో వచ్చేవీ ఉన్నాయి. మాటీలు పెట్టుకునే అలవాటుంటే మొదటి రకం కుదరదు. పట్టీ రకంలో చెవి దిమ్మ బుట్టకమ్మలను నొక్కుతుంది కాబట్టి దాన్ని కమ్మల్లేని పక్కకు మార్చుకునే వీలుందేమో, బూమ్ రెండువైపులకూ తిరుగుతుందేమో చూసుకోండి. మైకును సరిగ్గా పెదవుల ముందు పెట్టకండి, ‘ప’, ‘ఫ’, ‘భ’ పలికినప్పుడల్లా ఊపిరి కొట్టి టప్‌మంటుంది. నోటి మూలకు కాస్త పక్కగా ఉంటే చాలు.

పేర్లు అడగలేదు కానీ చెబుతాను. పాలీ వాయేజర్ 5200 అనే చెవి రకానికి నాలుగు మైకులు, ఏడు గంటల దాకా టాక్ టైము (ఒక్క చార్జింగుతో కాల్ మాట్లాడగలిగే సమయం) ఉన్నాయి, అయితే కొత్తది మీ బడ్జెట్ దాటుతుంది. జాబ్రా సంస్థ ‘టాక్’ అనే ఒంటిచెవి వరుసను ఆపేస్తున్నట్టు 2024లో ప్రకటించింది. వాటి పాత సరుకు చవగ్గా కనిపిస్తే, లోపలి బ్యాటరీ ఎన్నాళ్లుగా అలా పడి ఉందో ఆలోచించి కొనండి.

సోల్డరింగ్_ఐరన్:

పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. రాజమండ్రిలో నాది ఫోన్లు, స్పీకర్లు బాగుచేసే చిన్న కొట్టు. మీ ‘ఇరవై, అరవై’ తగాదా గురించి చెప్పవలసింది ఒకటుంది. చవక హెడ్‌సెట్లలో చప్పుడును కత్తిరించే చిప్పు ‘ఇది మనిషి గొంతా, మిషన్ మోతా’ అని తేల్చుకోవడానికి కాసింత సమయం తీసుకుంటుంది. మీరు ఒక్క క్షణం ఆగి మళ్లీ మాట మొదలుపెట్టినప్పుడు, అది తేల్చుకునేలోగా మొదటి అక్షరం కాస్తా కత్తెరలో పడిపోతుంది. అరవైలోనూ ఇరవైలోనూ మొదటి అక్షరం పోతే మిగిలేది ‘రవై’ ఒక్కటే. కాబట్టి చప్పుడును ఎంత గట్టిగా కత్తిరిస్తే అంత మంచిదనుకోవడం పొరపాటు. గొంతు బలంగా చేరే మైకు ఉంటే చిప్పుకు కత్తిరించే పనే తగ్గుతుంది. ఏ హెడ్‌సెట్ కొన్నా ధరలు చెప్పేటప్పుడు “అరవై, ఆరు సున్నా” అని రెండుసార్లు చెప్పడం మేలు, మా కొట్లో నేనూ అదే చేస్తాను.

రెండో సంగతి, అంగట్లో పాట పెట్టి వినిపిస్తే దాన్ని బట్టి నిర్ణయించుకోకండి. బ్లూటూత్‌లో పాటకు ఒక దారి, కాల్‌కు మరొక దారి ఉంటాయి. పాట ఏ2డీపీ అనే ఒకవైపు దారిలో నిండుగా వస్తుంది. కాల్ మొదలై మైకు తెరుచుకోగానే హెచ్‌ఎఫ్‌పీ అనే రెండువైపుల దారికి మారుతుంది, అది ఇరుకు. అందులో పాత సీవీఎస్‌డీ పద్ధతి సెకనుకు 8,000 సార్లే శబ్దాన్ని కొలుస్తుంది, అందువల్ల ఇంచుమించు 3,400 హెర్ట్జ్ పైన ఉన్న సన్నని శబ్దమంతా పోతుంది. ‘స’, ‘శ’, ‘ఫ’ల పదును ఉండేది ఆ పైభాగంలోనే. 2011లో వచ్చిన హెచ్‌ఎఫ్‌పీ 1.6తో ఎంఎస్‌బీసీ అనే పద్ధతి చేరింది, అది సెకనుకు 16,000 సార్లు కొలుస్తుంది. పెట్టె మీద ‘వైడ్‌బ్యాండ్’ అనో ‘హెచ్‌డీ వాయిస్’ అనో ఉంటే దాని అర్థం ఇదే. బ్లూటూత్ 5.3 అని పెద్ద అక్షరాలతో రాసినంత మాత్రాన కాల్‌లో గొంతు బాగుంటుందని కాదు. బ్లూటూత్‌లోనే కొత్తగా వచ్చిన ఎల్‌ఈ ఆడియో అనే దారిలో ఎల్‌సీ3 అనే మెరుగైన పద్ధతి ఉంది, కానీ దానికి ఫోనూ హెడ్‌సెట్టూ రెండూ సిద్ధంగా ఉండాలి. మీ బడ్జెట్‌లో దాని కోసం వెతుక్కోవడం ఇప్పుడు అనవసరం.

మీ రెండు ఫోన్ల ప్రశ్నకు జవాబు మల్టీపాయింట్. ఆ మాట పెట్టె మీద ఉంటేనే రెండూ ఒకేసారి కలిసి ఉంటాయి. ‘ఎనిమిది పరికరాలను గుర్తుంచుకుంటుంది’ అంటే అది వేరే సంగతి, మోసపోకండి. మీ వేళ్లకు చాక్‌పొడి ఉంటుంది కాబట్టి టచ్ రకం వద్దు, తడిమితే తెలిసే బటన్లు ఉన్నది తీసుకోండి. టచ్ రకంలో జుట్టు తగిలినా కాల్ కట్టయ్యే అవకాశం ఉంది. బ్యాటరీ గంటలు చూసేటప్పుడు పాటల లెక్క వదిలేసి టాక్ టైము చూడండి, మైకు కూడా పని చేయాలి కాబట్టి అది తక్కువగా ఉంటుంది. పేరు తెలియని రకమైతే ‘ఆర్’తో మొదలయ్యే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నంబరు ఉందో లేదో చూసి, బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోండి.

పరీక్ష మాత్రం ఇలా చేయండి. వెనక్కి తీసుకుంటారని ఖాయం చేసుకుని ఇంటికి తెచ్చుకోండి. ఓవర్‌లాక్ నడుస్తుండగా మీ ఇంట్లోవాళ్లను ఫోనుతో వీధి చివరకు పంపి, మీరు కాగితం మీద ముందే రాసి పెట్టుకున్న ఇరవై అంకెలు చదువుతూ, వాళ్లను రాసుకోమనండి. తరువాత రెండు కాగితాలూ పోల్చండి. హెడ్‌సెట్ ఎలా ఉందో దాన్ని పెట్టుకున్నవారికి ఎన్నటికీ తెలియదు, వినేవారికే తెలుస్తుంది.

గాలివాటం:

నేను కొంచెం వేరుగా చెబుతాను. చెవి పక్కన ఎముక మీద ఆనుకునే బోన్ కండక్షన్ రకాన్ని రెండేళ్లుగా వాడుతున్నాను. చెవిలో ఏదీ దూరదు, చెమట పట్టదు, గంటల తరబడి పెట్టుకున్నా నొప్పి ఉండదు. షాక్స్ ఓపెన్‌కామ్ అనే దానికి బూమ్ మైకు కూడా ఉంది, టాక్ టైము 16 గంటలు. ధర మాత్రం ఎక్కువ. ఇంకో మాట, బట్టలు ఇవ్వడానికి బండి మీద వెళ్లేటప్పుడు కూడా ఇదే పెట్టుకోవచ్చులే అనుకోకండి. చేతిలో ఫోను లేకపోయినా చెవిలో ఏదో ఉందని చలానా రాసినవారిని చూశాను, మాట్లాడుతూ నడిపితే ధ్యాస ఎటూ రోడ్డు మీద ఉండదు.

లైన్‌లోనే_ఉన్నాను:

గాలివాటంగారూ, ఓపెన్‌కామ్ మైకు మంచిదే, అందులో అనుమానం లేదు. కానీ చెవి తెరిచి ఉంటుంది కాబట్టి రెండు మోటార్లూ ఓవర్‌లాకూ నడిచే గదిలో ఆవిడకు అవతలివారి మాట వినపడటమే కష్టమవుతుంది, అప్పుడు శబ్దం పెంచుకుంటూ పోవాలి. వారానికి 40 గంటలు వింటే 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ గదిలో మిషన్లే ఆవిడ చెవులకు చాలినంత పని పెడుతున్నాయి.

కుట్టుపని_ఏలూరు:

మీ అందరికీ కృతజ్ఞతలు. తలమీదుగా పట్టీ, పొడవైన బూమ్ మైకు ఉన్న ఒంటిచెవి రకం ఒకటి నాలుగు వేల రెండు వందలకు దొరికింది. నచ్చకపోతే వారంలో వెనక్కి తీసుకుంటామన్నారు. సోల్డరింగ్ ఐరన్‌గారు చెప్పినట్టే మా అబ్బాయిని కాగితం, కలం ఇచ్చి రామాలయం దాకా పంపాను. ముందు పాత నెక్‌బ్యాండుతో ఇరవై అంకెలు చదివితే పదమూడే సరిగ్గా రాశాడు. కొత్తదానితో చదివితే పంతొమ్మిది సరిపోయాయి. తప్పిన ఒక్కటీ పదహారు, వాడు పదమూడు అని రాశాడు. వాడి లెక్కల సంగతి నాకు తెలుసు కాబట్టి ఆ తప్పును హెడ్‌సెట్ మీద వేయడం లేదు.

రెండు ఫోన్లూ కలిశాయి. కొట్టు ఫోనులో మాట్లాడుతుండగా ఇంటి ఫోను మోగితే చెవిలో చిన్న శబ్దం వస్తోంది, బటన్ నొక్కితే అటు మారుతోంది. పూలు పెట్టుకున్న రోజున పట్టీ కొంచెం వెనక్కి జారుతోంది, అది సర్దుకోగలను. ఒక్క ఇబ్బంది ఉంది. మైకు చివర తొడిగిన స్పాంజికి నాలుగు రోజుల్లోనే దారపు నూగు పట్టి బూరుగు కాయలా తయారైంది. దాన్ని తీసి ఉతకవచ్చా?

సోల్డరింగ్_ఐరన్:

ఉతకవచ్చు. మెల్లగా లాగితే ఊడి వస్తుంది, సబ్బునీళ్లలో పిండి, నీడలో పూర్తిగా ఆరాక తొడగండి. తడి ఉండగా తొడిగితే మైకు పాడవుతుంది. ఆరేదాకా కాల్ వస్తే స్పాంజి లేకుండానే మాట్లాడండి, మైకును ఇంకాస్త పక్కకు జరిపితే ఊపిరి తగలదు. విడి స్పాంజులు పది ఉన్న ప్యాకెట్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి, మీ మైకు చివర వెడల్పు టేపుతో కొలిచి మరీ తెప్పించుకోండి.