చిదంబరం పిళ్ళై ఓడల కంపెనీ గురించి తెలిసినవారు సాయం చేయగలరా?

నమస్కారం. మా అబ్బాయి స్కూల్లో స్వదేశీ ఉద్యమం మీద చిన్న నాటిక వేస్తున్నారు, రాసే పని నా నెత్తిన పడింది. వి.ఓ. చిదంబరం పిళ్ళై గారిని ఎంచుకున్నాను. 1906లో తమిళనాడు తీరంలోని తూత్తుకుడిలో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టి, 25 రూపాయల చొప్పున షేర్లు అమ్మి, కొలంబోకి ఓడలు నడిపిన ప్లీడరు ఆయన. తెల్లవాళ్ళ కంపెనీ టికెట్ ధర బాగా తగ్గించేసి పోటీకి దిగింది. 1908లో ఆ ఊళ్ళోని కోరల్ నూలు మిల్లు కార్మికుల సమ్మెకు అండగా నిలిచారు. అదే ఏడు రాజద్రోహం కేసులో జైలు, అక్కడ గానుగ లాగడం. 1912 చివర్లో విడుదలయ్యేసరికి కంపెనీ మూతపడిపోయింది.

జైలు సీనుతో కన్నీళ్ళు పెట్టించడం తేలికే. నాకేమో వ్యాపారం నడిచిన తీరు చూపించాలని ఉంది. షేర్లు ఎలాంటివాళ్ళు కొన్నారు? గాలియా, లావో ఓడల్లో ప్రయాణం ఎలా ఉండేది? ఏ సరుకు వెళ్ళేది? వీటి మీద మంచి పుస్తకం ఏదైనా చెప్పగలరా? ఆయన పుట్టిన ఊరు ఒట్టపిడారంలో ఆయన స్మారక గృహం చూసినవాళ్ళుంటే, అక్కడ కంపెనీ కాగితాలు, ఫొటోలు ఏమైనా పెట్టారా? తమిళ పుస్తకమైనా ఫర్వాలేదు, చదివిపెట్టేవాళ్ళు పక్కింట్లోనే ఉన్నారు.