తేలిక పరుగులో వాచ్ హార్ట్ రేట్ 174 చూపిస్తోంది, బరువులెత్తితే 105 దాటడం లేదు. ఏది నమ్మాలి?

పొద్దుటిపరుగు (ప్రశ్న)

మణికట్టు వాచ్‌తో తీసిన రెండు హార్ట్ రేట్ (నిమిషానికి గుండె దెబ్బలు) రికార్డింగులు, రెండూ అనుమానంగానే ఉన్నాయి.

మొదటిది పరుగు. చదునైన దారి, కిలోమీటరుకు 7 నిమిషాల వేగం, పక్కవాళ్లతో మాట్లాడుతూ సాగేంత తేలిక. మొదటి 4 నిమిషాలు 110 దగ్గర ఉంది. ఐదో నిమిషంలో ఒక్క ఊపున 174కి ఎక్కి, 12వ నిమిషం దాకా 172–176 మధ్య గీత గీసినట్టు నిలబడింది. నీళ్లకోసం ఆగగానే 138కి పడింది. మళ్లీ మొదలెట్టాక చివరి వరకూ 140–146.

రెండోది కెటిల్‌బెల్ స్వింగ్స్ (పిడి ఉన్న ఇనుప గుండును రెండు చేతులతో ఊపడం). ఊపిరి అందనంతగా చేస్తున్నప్పుడు కూడా 98–105 దాటలేదు.

వయసు 41, గుండె సమస్యలు లేవు, మందులేవీ లేవు. వాచ్ పాడైందా? జోన్ 2 శిక్షణకు (గరిష్ఠ హార్ట్ రేట్‌లో 60–70 శాతం దగ్గర సాగే తేలిక వ్యాయామానికి) దీన్నే వాడొచ్చా, ఛాతీకి కట్టుకుని హార్ట్ రేట్ కొలిచే పట్టీ కొనక తప్పదా?

---

గ్రాఫ్‌చదువరి

వాచ్ పాడవలేదు. అదే పరుగు రికార్డింగ్ తెరిచి కేడెన్స్ (నిమిషానికి వేసే అడుగులు) గీతను హార్ట్ రేట్ గీత మీద పెట్టి చూడండి. కేడెన్స్ కూడా 172–176 ఉంటే ఆ ఏడు నిమిషాలూ వాచ్ లెక్కపెట్టింది మీ అడుగుల్ని, గుండెను కాదు. దీన్నే కేడెన్స్ లాక్ అంటారు.

ఎందుకలా జరుగుతుందంటే: వాచ్ అడుగున ఉండే ఆకుపచ్చ ఎల్‌ఈడీ వెలుగును రక్తం బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టినప్పుడల్లా చర్మం కింది సన్నటి నాళాల్లో రక్తం కాస్త పెరుగుతుంది, తిరిగొచ్చే వెలుగు ఆ మేరకు తగ్గుతుంది. ఈ హెచ్చుతగ్గు మొత్తం వెలుగులో నూటికి ఒకటో రెండో వంతులు, అంతే. చెయ్యి ఊగి వాచ్ కదిలినప్పుడు, పాదం నేలను తాకిన అదురుకు రక్తం తొణికినప్పుడు వచ్చే హెచ్చుతగ్గు దానికంటే చాలా పెద్దది. అందుకే వాచ్‌లోని యాక్సిలరోమీటర్ చేతి కదలికను విడిగా కొలుస్తుంది. ఆ లయను సిగ్నల్ నుంచి తీసేయగా మిగిలినదాన్ని గుండె లయ అనుకుంటుంది. నాడి సిగ్నల్ బలంగా ఉంటే ఇది బాగానే పనిచేస్తుంది. బలహీనంగా ఉంటే మాత్రం తీసేయాల్సిన లయే చేతికి చిక్కుతుంది.

పైగా, చిక్కాక వదలదు. గుండె వేగం క్షణాల్లో 30 మారదని ప్రోగ్రాములో ఒక నమ్మకం ఉంటుంది కాబట్టి, పాత అంకె చుట్టుపక్కలే కొత్తదాన్ని వెతుకుతుంది. మీరు ఆగగానే అడుగుల లయ మాయమైంది, అప్పుడుగానీ అసలు నాడి దానికి దొరకలేదు.

రికార్డింగ్ చూసి దీన్ని పసిగట్టే గుర్తులు రెండు. ఒకటి, వేగం మారకుండానే గోడ ఎక్కినట్టు పైకి పోవడం. రెండు, ఆ తర్వాత చదునుగా ఉండిపోవడం. నిజమైన గుండె గీత ఎత్తుపల్లాలకు ఊగుతుంది, పరుగు సాగేకొద్దీ మెల్లగా పైకి జరుగుతుంది. ఒక్క చిక్కు: గట్టి పరుగులో అసలు హార్ట్ రేటే 172 ఉండి కేడెన్స్ కూడా 172 అయితే గ్రాఫ్ చూసి చెప్పలేం. అప్పుడు వేగం మార్చకుండా ఒక నిమిషం పాటు అడుగులు చిన్నవి చేసి కేడెన్స్‌ను ఓ పది పెంచండి. అంకె దాని వెంటే ఎక్కితే దొంగ దొరికినట్టే.

---

రెండువేళ్ళఎత్తు

పై వివరణ సరైనదే. అయితే నాడి సిగ్నల్ ఎందుకు బలహీనపడింది అన్నది మీ చేతిలో ఉన్న భాగం.

వాచ్ ఎక్కడుంది? మణికట్టు ఎముక బొడిపె మీద ఉంటే అడుగున ఎముకా నరాలే తప్ప కండ తక్కువ, సందులోంచి బయటి వెలుగు కూడా చొరబడుతుంది. వ్యాయామానికి ముందు ఆ బొడిపె నుంచి మోచేతి వైపు రెండు వేళ్ల వెడల్పు పైకి జరపండి. పట్టీని మామూలుగా పెట్టుకునే దానికంటే ఒక రంధ్రం బిగించండి. వాచ్‌ను వేలితో తోస్తే కింది చర్మం కూడా దాంతోపాటు కదలాలి. వాచ్ ఒక్కటే జారితే వదులుగా ఉన్నట్టు. వేళ్లు తిమ్మిరెక్కితే మరీ బిగించారు, రక్తమే ఆగితే సెన్సర్‌కు చూడటానికి ఏమీ మిగలదు. వ్యాయామం అయ్యాక మళ్లీ వదులు చేయండి, లేకపోతే చెమటకు చర్మం ఒరుసుకుపోతుంది.

మొదటి నిమిషాల సంగతి వేరు. చల్లగా ఉన్నప్పుడు చేతి చర్మంలోని నాళాలు ముడుచుకుంటాయి, సరిగ్గా అప్పుడే లాక్ పడుతుంది. 5–10 నిమిషాలు వేగంగా నడిచి, చేతులు వెచ్చబడ్డాక, హార్ట్ రేట్ అంకె నిలకడగా ఉందని చూసుకుని అప్పుడు పరుగు మొదలుపెట్టండి. చలికాలంలో వాచ్ పొడుగు చేతుల చొక్కా లోపల ఉంటే మేలు.

ఇంకా కొన్ని: సెన్సర్ గాజు మీద సన్‌స్క్రీన్, ఎండిన చెమట పొర ఉంటే తడిగుడ్డతో తుడవండి. ముదురు పచ్చబొట్టు ఉన్న చోట వాచ్ పెట్టుకోవద్దు, సిరా వెలుగును మింగేస్తుంది. మామూలు మోడ్‌లో చాలా వాచ్‌లు బ్యాటరీ ఆదాకోసం హార్ట్ రేట్‌ను తక్కువసార్లే కొలుస్తాయి, కాబట్టి వ్యాయామం మోడ్ తప్పకుండా ఆన్ చేయాలి. బరువైన పెద్ద వాచ్ అయితే ఊపుకు ఎక్కువ కదులుతుంది. లోహపు గొలుసు పట్టీ తీసి సాగే గుడ్డ పట్టీ వేస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఇవి పాటిస్తే కెటిల్‌బెల్ రీడింగ్ కూడా చక్కబడుతుంది.

---

ఇనుపపిడి

ఆ చివరి వాక్యంతో ఏకీభవించను. పరుగుకు పనిచేసే చిట్కాలు బరువుల దగ్గర పెద్దగా పనిచేయవు, అక్కడి తప్పు వేరే రకం.

పిడిని గట్టిగా పట్టుకున్నప్పుడు ముంజేతి కండరాలు బిగుసుకుని నాళాలను నొక్కుతాయి, స్నాయువులు సెన్సర్ కిందే పైకీ కిందికీ జరుగుతాయి. మణికట్టు వంగితే వాచ్ ఒక అంచున లేస్తుంది. స్వింగ్స్‌లో పట్టు, ఊపు రెండూ ఉన్నాయి, ఇంతకంటే కష్టమైన పరీక్ష ఆ సెన్సర్‌కు ఉండదు. పుషప్స్, రోయింగ్, పుల్లప్స్ అన్నీ ఇదే కోవ. సైకిల్ మీద హ్యాండిల్ అదురు, వంగిన మణికట్టు కలిసి ఇలాగే తక్కువ చూపించవచ్చు. ఇంట్లో కదలని సైకిల్ మీద మాత్రం అదే వాచ్ చక్కగా కొలుస్తుంది.

దీనికి ఆలస్యం తోడవుతుంది. వాచ్ కొన్ని సెకన్ల సిగ్నల్‌ను సగటు తీసి అంకె చూపిస్తుంది. 20 సెకన్ల సెట్ కొట్టి ఆగితే, గుండె పైకెళ్లి దిగడం మొదలయ్యాక గానీ వాచ్ ఎక్కడం మొదలుపెట్టదు. అందుకే చిన్న ఇంటర్వెల్స్‌లో (మధ్యలో విరామమిస్తూ గట్టిగా చేసే విడతల్లో) శిఖరాలు కోసేసినట్టు కనిపిస్తాయి. 3–4 నిమిషాల ఇంటర్వెల్ అయితే చివరి నిమిషం అంకెను కొంత నమ్మొచ్చు. 30 సెకన్లదైతే హార్ట్ రేట్ చూడకుండా సమయం, వేగంతో నడపండి. అసలు అంత చిన్న ఇంటర్వెల్‌లో గుండే వెనకబడి ఉంటుంది, ఛాతీ పట్టీ పెట్టినా ఆ అంకె శ్రమను చెప్పదు.

వాచ్‌ను జబ్బ మీదికి మార్చలేం గానీ, ఇలా వెలుగుతో కొలిచే (ఆప్టికల్) సెన్సర్‌నే ముంజేతి పైభాగానికో జబ్బకో కట్టుకునే బ్యాండ్లు ఉన్నాయి. అక్కడ కండ ఎక్కువ, స్నాయువుల కదలిక తక్కువ. ఛాతీ పట్టీ ఇబ్బంది అనిపించేవాళ్లకు అది మంచి మధ్యేమార్గం.

---

పొద్దుటిపరుగు

కేడెన్స్ చూశాను: ఐదో నిమిషం నుంచి పన్నెండో నిమిషం దాకా 173–175. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

ఇప్పుడు మిగిలిన ప్రశ్నలు: ఆ 140–146 అయినా నిజమేనని ఎలా తేల్చుకోవాలి? చర్మం రంగును బట్టి తప్పు పెరుగుతుందని కూడా విన్నాను, నిజమా?

---

గ్రాఫ్‌చదువరి

రంగు సంగతి ముందు. మెలనిన్ ఆకుపచ్చ వెలుగును పీల్చుకుంటుంది, కాబట్టి అనుమానంలో అర్థముంది. డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో ప్రచురించిన అధ్యయనంలో మాత్రం చర్మం రంగుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కదలికలో ఉన్నప్పటి తప్పు విశ్రాంతిలో కంటే సగటున 30 శాతం ఎక్కువని తేలింది. అంటే మీరు పట్టించుకోవాల్సింది కదలికనే. స్టాన్‌ఫర్డ్‌లో 2017లో 60 మందితో 7 పరికరాలను పరీక్షిస్తే, సైకిల్ తొక్కేటప్పుడు ఆరింటి మధ్యస్థ హార్ట్ రేట్ తప్పు 5 శాతం లోపే ఉంది. అదే అధ్యయనంలో కేలరీల లెక్క అన్నిటికంటే మెరుగ్గా ఇచ్చిన పరికరం కూడా 27 శాతం తప్పింది. కేలరీల అంకెను చూడటం మానేయండి.

సరిచూసుకునే మార్గం: పరుగు మధ్యలో ఆగీ ఆగగానే మెడ పక్కన, ఒకవైపే, తేలిగ్గా రెండు వేళ్లు ఆనించి 10 సెకన్లు లెక్కపెట్టి 6తో గుణించండి. 15 సెకన్లు వద్దు, ఆగిన వెంటనే గుండె దిగిపోతుంది. ఒక్క దెబ్బ తప్పినా లెక్క 6 మారుతుంది కాబట్టి మూడు నాలుగుసార్లు చేయాలి. వాచ్ 142 చూపుతున్నప్పుడు మీ లెక్క 132–150 మధ్య వస్తే వాచ్ సరిగ్గానే ఉంది. వాచ్ 174 చూపుతున్నప్పుడు అలా వస్తే లాక్.

---

తడిపట్టీ

పక్కాగా తేల్చుకోవాలంటే ఛాతీ పట్టీ అరువు తెచ్చుకున్నా చాలు. అది వెలుగుతో కాదు, గుండె విద్యుత్ సంకేతంతో కొలుస్తుంది, అందుకే ఊపుకూ పట్టుకూ లొంగదు. పోలిక చేసేటప్పుడు అందరూ చేసే పొరపాటు పట్టీని వాచ్‌కే జతచేయడం. అలా చేస్తే చాలా వాచ్‌లు తమ సెన్సర్‌ను పక్కనపెట్టి పట్టీ అంకెనే రాస్తాయి, రెండూ అచ్చంగా ఒకేలా ఉన్నాయని మురిసిపోతాం. పట్టీని ఫోన్‌లోని యాప్‌కు జతచేసి, వాచ్‌లో విడిగా రికార్డు చేసి, రెండు గ్రాఫులు పక్కపక్కన పెట్టండి. 10 నిమిషాలు తేలిగ్గా, తర్వాత 3 నిమిషాలు గట్టిగా 2 నిమిషాలు నెమ్మదిగా మూడుసార్లు, చివర ఒక సెట్ స్వింగ్స్. మీ వాచ్ ఎక్కడ నమ్మదగినదో ఒక్కరోజులో తెలుస్తుంది.

పట్టీ కూడా తప్పుతుంది. ఎలక్ట్రోడ్లు పొడిగా ఉంటే మొదటి నిమిషాల్లో 200 పైన అర్థంలేని అంకెలు వస్తాయి. నీళ్లతో బాగా తడిపి ఛాతీ కండరాల కిందుగా బిగుతుగా కట్టాలి. వదులైన సింథటిక్ చొక్కా రాపిడికి పుట్టే స్థిరవిద్యుత్తు కూడా అదే పని చేస్తుంది. వాడిన ప్రతిసారీ పాడ్ (పట్టీకి తగిలించే ఎలక్ట్రానిక్ ముక్క) ఊడదీసి పట్టీని మంచినీళ్లతో కడగండి. తడి పట్టీకి తగిలించి వదిలేస్తే పాడ్ నిద్రపోక బ్యాటరీ తినేస్తుంది. రీడింగ్ తరచూ తెగిపోతుంటే ముందు బటన్ బ్యాటరీ, ఆ తర్వాత పట్టీ మార్చండి. పాడ్ చెడటం అరుదు.

జోన్ 2 గురించి ఒక మాట. మీ వయసుకు 220లోంచి వయసు తీసేసే సూత్రం, 208లోంచి వయసులో 0.7 వంతు తీసేసే సూత్రం రెండూ 179 గరిష్ఠమే అంటాయి. దాన్లో 60–70 శాతం అంటే 107–125. మీరేమో 143 దగ్గర హాయిగా మాట్లాడుతున్నారు. ఇది వాచ్ తప్పు కాకపోవచ్చు, సూత్రం తప్పు కావచ్చు: గరిష్ఠం మనిషికీ మనిషికీ పదీ పన్నెండు అటూ ఇటూ ఉండటం మామూలే. పూర్తి వాక్యాలు తెగకుండా మాట్లాడగలిగిన అంకెనే ప్రస్తుతానికి పైహద్దుగా పెట్టుకోండి.

సెట్టింగ్స్‌లో గరిష్ఠ హార్ట్ రేట్‌ను దానంతటదే సరిదిద్దుకునే ఆప్షన్ ఉంటే ఆపేయండి. లేకపోతే ఏదో ఒకరోజు లాక్ 190 దగ్గర పడితే వాచ్ దాన్నే మీ కొత్త గరిష్ఠంగా రాసుకుని జోన్లన్నీ పైకి జరుపుతుంది. ఇప్పటికే అలా జరిగిందేమో కూడా చూడండి. ఇక లాక్ గుర్తులేవీ లేకుండా, ఆగి నిలబడ్డా అంకె దిగకపోయినా, గుండె దడ, తల తిరగడం, ఛాతీలో నొప్పి ఉన్నా అది సెన్సర్ చర్చ కాదు, వెంటనే డాక్టర్ చూడాల్సిన విషయం.