యూత్, కుటుంబ పరిచర్యకు నాయకుల్ని ఎలా తయారుచేయాలి?

ప్రశ్న:
అందరికీ వందనాలు. మా సంఘంలో యూత్ మీటింగులు, కుటుంబాలను దర్శించడం ఇప్పటిదాకా పాస్టర్ గారే చూసుకునేవారు. ఈమధ్య ఆ బాధ్యత మా కొందరికి అప్పగించారు. మాలో బాగా పాడేవాళ్లు ఉన్నారు, వాక్యం చెప్పగలిగేవాళ్లు ఉన్నారు, కానీ ఎవరికీ శిక్షణ లేదు. ఒక దైవజనుడిని పిలిచి మూడు రోజుల సెమినార్ పెడదామనుకుంటున్నాం. సరిపోతుందా? నిజంగా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
వందనాలు బ్రదర్. సెమినార్ పెట్టుకోండి, అయితే శిక్షణ అక్కడితో అయిపోయిందనుకోవద్దు. ఓ కుర్రాడు వచ్చి "అన్నా, నాకు ప్రార్థన మీద నమ్మకం పోయింది" అంటే నోట్సు తిరగేసే టైం ఉండదు. కొత్తవాళ్లు కంగారుపడి వెంటనే ఒక వచనం చెప్పేస్తారు. ఆ కుర్రాడు తలూపి వెళ్లిపోతాడు, మళ్లీ నోరు విప్పడు. అనుభవం ఉన్నవాళ్లయితే "ఎప్పటి నుంచి అలా అనిపిస్తోంది?" అని అడిగి ఊరుకుంటారు. కాసేపటికి ఇంట్లో గొడవో, పరీక్ష తప్పడమో బయటికొస్తుంది. ఈ ఓపిక పక్కన ఉండి చూస్తేనే అబ్బుతుంది. బైబిల్లో తిమోతి అనే యువకుడు కూడా అపొస్తలుడైన పౌలు వెంట తిరుగుతూనే నేర్చుకున్నాడు కదా.

కాబట్టి ఒక్కొక్కరిని ఒక పెద్దకు జత చేయండి. మొదట చూడనివ్వండి, తర్వాత ప్రార్థనో చిన్న చర్చో నడిపించనివ్వండి, ఆ తర్వాత మీటింగ్ మొత్తం అప్పగించి పెద్దవాళ్లు వెనక కూర్చోండి. మీటింగ్ అయ్యాక అదే రోజు మాట్లాడుకోండి: ఈరోజు ఎవరు నోరు విప్పలేదు? ఎవరి మాట మధ్యలో ఆపేశాం?

మరొకరి జవాబు:
సిస్టర్‌గా ఒక మాట. మనుషుల్ని గొంతు చూసి ఎంచుకోకండి. పౌలు రాసిన 1 తిమోతి పత్రిక 3వ అధ్యాయంలో అధ్యక్షుడి, అంటే సంఘాన్ని నడిపించే పెద్ద అర్హతల్లో సొంత ఇంటిని ఎలా ఏలుకుంటున్నాడన్నది ఉంది. పిల్లలు ఎవరి దగ్గరికి వాళ్లంతట వాళ్లే వెళ్తున్నారో కూడా గమనించండి.

మొదటి రోజే నేర్పాల్సింది పిల్లల భద్రత. ఒక పెద్ద, ఒక పిల్లో పిల్లాడో తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. ఫోన్లో రహస్యంగా చాటింగ్ వద్దు. "ఎవరికీ చెప్పను" అని ముందే మాట ఇవ్వొద్దు. ఎవరైనా తనను హింసిస్తున్నారని బిడ్డ చెబితే నమ్మి వినాలి, చట్టప్రకారం చెప్పాల్సిన చోట చెప్పాలి. సంఘం పరువు పోతుందని లోపలే సర్దేయడం మహా పాపం. చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే ఒంటరిగా వదలకండి. ప్రార్థన చేయండి, డాక్టర్ దగ్గరికీ తీసుకెళ్లండి.

ప్రశ్న వేసినవారు:
చాలా థాంక్స్ సిస్టర్. ఇంకొక ఇబ్బంది. తల్లిదండ్రులు "యూత్‌కి పంపుతున్నాం కదా, ఇక మీరే చూసుకోండి" అంటున్నారు.

జవాబు:
ఇక్కడే యూత్ పరిచర్య, కుటుంబ పరిచర్య కలిసేది బ్రదర్. ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం దేవుని మాటలు ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడుస్తున్నప్పుడు పిల్లలతో మాట్లాడమంటుంది. ఆ పని ముందుగా తల్లిదండ్రులది. చాలామందికి మనసు లేక కాదు, ఎలా మొదలుపెట్టాలో తెలియక వదిలేస్తారు. యూత్‌లో ధ్యానించిన భాగాన్ని, దాంతోపాటు ఒకే ఒక్క ప్రశ్నను ఇంటికి పంపండి. భోజనాల దగ్గర మాట్లాడుకోవడానికి అది చాలు. తల్లి ఒక్కతే సంఘానికి వచ్చే ఇళ్లను మరిచిపోకండి. తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడు. అమ్మ యునీకే, అమ్మమ్మ లోయి విశ్వాసమే ఆ బిడ్డకు అందింది. అలాంటి తల్లికి మీ టీం నుంచి ఎవరో ఒకరు తోడుండాలి.

యవ్వనస్థులకు కూడా పని ఇవ్వండి. 1881లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టర్ మొదలుపెట్టిన క్రిస్టియన్ ఎండీవర్ అనే యువజన సంఘం చాలా దేశాలకు పాకింది. అందులో కమిటీలు నడిపింది యువతీయువకులే. కుర్చీలు వేయడంతో సరిపెట్టకండి. రాని స్నేహితుడిని పలకరించడం, ప్రార్థన నడిపించడం వాళ్లకే అప్పగించండి.

మూడు రోజుల సెమినార్‌ను కొన్ని నెలలు వాయిదా వేయండి. ఈలోపు మీకు ఎదురైన చిక్కులన్నీ రాసి పెట్టుకుని, వచ్చే దైవజనుడికి ఆ జాబితా ముందే పంపండి.